ప్రశ్న–జవాబు: వేలానికొచ్చిన పాత గడియారాలు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు వేలం కేటలాగుల్లో కనబడే పాత అలంకార గడియారాల గురించే: బంగారు పూత బొమ్మలున్నవి, నల్లరాతివి, పైన పిడి ఉన్న ప్రయాణపు గడియారాలు. ఉత్తరాలతో పాటు పంపిన ఫొటోలు దాదాపు అన్నీ ముందు వైపు తీసినవే. మా జవాబుల్లో ఎక్కువ భాగం వెనక వైపు గురించి, అడుగు గురించి ఉంటుంది.

ప్రశ్న: ఒకే కేటలాగులో రెండు బొమ్మ గడియారాలు చూశాను. ఒకదానికి "ఆర్మొలు" అని, రెండోదానికి "బంగారు పూత లోహం" అని రాశారు. చూడటానికి రెండూ ఒకలాగే ఉన్నాయి, అంచనా ధరలో మాత్రం ఆరు రెట్ల తేడా. ఎందుకు?

జవాబు: ఆర్మొలు అంటే కంచు పోతకు పాదరసంతో వేసిన బంగారు పూత. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి, కంచు మీద పులిమి, నిప్పు సెగ చూపిస్తారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం లోహాన్ని పట్టుకుని ఉండిపోతుంది. ఆ ఆవిరి పీల్చి ఎందరో పనివాళ్లు ఆరోగ్యం పోగొట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో ఎల్కింగ్టన్‌లు 1840లో విద్యుత్ పూతకు పేటెంటు తీసుకున్నాక ఈ పద్ధతి క్రమంగా వెనకబడింది.

"బంగారు పూత లోహం" అని పొడిగా రాశారంటే ఆ లోహం చాలావరకు జింకు మిశ్రమమే, వ్యాపారంలో దాన్ని స్పెల్టర్ అంటారు. కంచు అయితే కంచు అని రాయకుండా వదిలేసే వేలం సంస్థ ఉండదు. 19వ శతాబ్దం మధ్య నుంచి చౌకరకం బొమ్మలన్నీ ఈ జింకుతో పోశారు. కంచు కరగాలంటే 900 డిగ్రీల సెల్సియస్ దాటాలి, జింకు 420 దగ్గరే కరిగిపోతుంది. అచ్చు ఖర్చు, పొయ్యి ఖర్చు, చెక్కుడు పని అన్నీ తగ్గుతాయి.

బరువు చూసి తేల్చవచ్చని చాలామంది అనుకుంటారు, అది నమ్మదగ్గ పరీక్ష కాదు. ఒకే ఘనపరిమాణానికి జింకు కంచు కంటే ఐదో వంతు మాత్రమే తేలిక, పైగా పోత మందం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. గోటితో మెల్లగా తట్టినప్పుడు వచ్చే శబ్దం మేలు. కంచు కాసేపు మోగుతుంది, జింకు "టప్" మని ఆగిపోతుంది. ఇంకా మంచి ఆధారం అడుగున దొరుకుతుంది. గడియారాన్ని వెనక్కి వాల్చి లోపలి వైపు, బొమ్మను బిగించిన నట్ల చుట్టూ ఫొటో తీసి పంపమనండి. అక్కడ ఎప్పుడో పడిన గీతలు ఉండనే ఉంటాయి. గీతలో పసుపో, ఎరుపు కలిసిన పసుపో కనిపిస్తే కంచు లేదా ఇత్తడి, బూడిదరంగు తెలుపు కనిపిస్తే జింకు. మనది కాని వస్తువు మీద కొత్తగా గీయకూడదు, గీయనక్కర్లేదు కూడా.

బొమ్మ మణికట్టు, చీలమండ, మెడ, చేతిలోని కర్ర లేదా బాణం, వీటిని దగ్గరగా చూడండి. జింకు పెళుసు, విరిగేది ఇక్కడే. అతికినచోట ఉబ్బెత్తు టంకం గానీ, రంగు తేడా ఉన్న జిగురు గానీ కనిపిస్తుంది. జింకును మళ్లీ అతకడం కష్టం, ఎందుకంటే కాస్త వేడి ఎక్కువైతే ముక్కే కరిగిపోతుంది.

పాదరసం పూతా, విద్యుత్ పూతా అన్నది వెనక వైపు చూస్తే తెలుస్తుంది. పాదరసం పూత వేసినవాడు కనబడని చోట బంగారం వృథా చేయడు. ఆకు, తీగ, బొమ్మ ఏదైనా వెనక తిప్పితే పచ్చి కంచు, ఆకురాయి గీతలు, అంచుల దగ్గర మాత్రం పొంగి వచ్చిన బంగారు మరకలు కనిపిస్తాయి. విద్యుత్ పూతలో ముక్కను ద్రావణంలో ముంచుతారు కాబట్టి తరచు వెనక కూడా సమానంగా పలుచని పూత ఉంటుంది. ఇక ముందు వైపు పాత పనిలో ఒకే బొమ్మ మీద రెండు రకాల మెరుపు ఉంటుంది: బట్టలు, చర్మం మసకగా, అంచులు రాతితో రుద్ది అద్దంలా. ఎక్కడ చూసినా ఒకే మెరుపు ఉంటే తర్వాతి పూత, లేదా ఈ మధ్య మళ్లీ పూయించినది.

ప్రశ్న: "పదిహేనో లూయీ శైలి" అంటే పదిహేనో లూయీ కాలపుది కాదా? "అసోసియేటెడ్" అంటే ఏమిటి?

జవాబు: కాదు. పదిహేనో లూయీ 1715 నుంచి 1774 వరకు రాజు. "పదిహేనో లూయీ" అని మాత్రమే రాస్తే ఆ కాలపు వస్తువని వేలం సంస్థ పూచీ పడుతున్నట్టు. పక్కన "శైలి" చేరితే ఆ పూచీ లేదు. అటువంటివి ఎక్కువగా 19వ శతాబ్దం రెండో సగంలో చేసినవి. వాటిలోనూ అద్భుతమైన పని ఉన్నవి ఉన్నాయి, శైలి అన్న మాటకే తక్కువ చూపు చూడక్కర్లేదు. ధర మాత్రం ఆ కాలానికి తగ్గట్టు ఉండాలి.

"అసోసియేటెడ్" అంటే ఆ భాగం పాతదే గానీ ఈ గడియారంతో పుట్టినది కాదు, మరొకదాని నుంచి తెచ్చి పెట్టారు అని. పెట్టె ఒకదానిదీ మెషీన్ ఇంకొకదానిదీ అయితే "మ్యారేజ్" అంటారు. "సంతకం చేసినది" అంటే ఆ తయారీదారు పేరు నిజమని వారి అభిప్రాయం. "సంతకం కలిగి ఉంది" అని రాస్తే పేరు ఉంది, కానీ ఆయనదే అని మేము అనడం లేదు అని. "తర్వాతి" అన్న మాట లోలకానికో, ముళ్లకో, తాళంచెవికో తగిలిస్తే అది బదులు పెట్టినది. తాళంచెవి మారితే పరవాలేదు. లోలకం మారితే కాస్త ఆలోచించాలి. డయల్ మారితే చాలా ఆలోచించాలి.

ఈ మాటలకు ఒక్కో సంస్థ తన నిబంధనల పేజీలో అర్థాలు ఇస్తుంది. పాటకు ముందు ఆ పేజీ ఒక్కటీ చదవండి.

ప్రశ్న: నేను చూస్తున్న గడియారం డయల్ మీద ఒక పారిస్ దుకాణం పేరు ఉంది. వెనక పలక మీద గుండ్రటి ముద్రలో "విన్సెంటి" అనీ, 1855 వెండి పతకం అనీ ఉంది. కింద ఒక పెద్ద అంకె, ఇంకా విడిగా "5 4" అని ఉంది. ఇంతకీ ఇది ఎవరిది? 1855 నాటిదేనా?

జవాబు: ఇలాంటి ఫొటో పంపినందుకు ముందు మెచ్చుకోవాలి. ఒక్క పలకలో ఇంత సమాచారం ఉంటుంది.

డయల్ మీది పేరు అమ్మినవారిది. ముద్రలోని పేరు లోపలి మెషీన్ తయారుచేసినవారిది. కంచు పెట్టె పోసినది మూడో కార్ఖానా. 19వ శతాబ్దపు ఫ్రెంచి గడియారాలకు ఇది మామూలు పద్ధతి. ఫ్రాన్సు తూర్పు అంచున మోంబెలియార్ పరిసరాల్లో విన్సెంటి, మార్టి కార్ఖానాలు, బొకూర్‌లో జాపీ సోదరుల కార్ఖానా ఈ గుండ్రటి మెషీన్లను పెద్ద ఎత్తున చేసేవి. పారిస్ వాళ్లు వాటిని తెచ్చి తుది మెరుగు దిద్ది పెట్టెల్లో బిగించేవారు. కాబట్టి రెండు పేర్లు వేరుగా ఉండటం మోసం కాదు, మ్యారేజ్ కూడా కాదు.

1855 అన్నది ఆ కార్ఖానాకు ప్రదర్శనలో పతకం వచ్చిన సంవత్సరం. వాళ్లు ఆ ముద్రను దశాబ్దాల పాటు కొట్టుకుంటూ పోయారు. అందువల్ల దాని నుంచి తెలిసేది ఒక్కటే: గడియారం 1855 కంటే పాతది కాదు. మార్టి ముద్రలో 1900 బంగారు పతకం ఉంటే 1900కు ముందుది కాదు. ఇలా ముద్రలో ఉన్న ఆఖరి సంవత్సరం కింది హద్దు అవుతుంది. పై హద్దు వేరే ఆనవాళ్లతో వెతకాలి.

మొదటి ఆనవాలు లోలకం వేలాడే తీరు. 19వ శతాబ్దం మొదటి సగంలో లోలకాన్ని పట్టుదారంతో వేలాడదీసేవారు. తర్వాత అషీల్ బ్రోకో పేరుతో వచ్చిన స్ప్రింగు పద్ధతి వ్యాపించింది. దీనికి సాధారణంగా డయల్ మీద 12 పైన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, సన్నని తాళంచెవి పెట్టి వేగం సరిచేయడానికి. పట్టుదారం గడియారాలను తర్వాత స్ప్రింగుకు మార్చినవీ చాలా ఉన్నాయి. అలాంటప్పుడు వెనక పలక మీద పాత పిడి ఉండిన ఖాళీ రంధ్రం మిగిలిపోతుంది. రెండో ఆనవాలు గంటలు లెక్కపెట్టే చక్రం. అంచున ఎడంగా గాట్లున్న చక్రం వెనక పలక మీద బయటికే కనిపిస్తే పాత పద్ధతి. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి దాని స్థానంలో పళ్ల కమ్మీతో పనిచేసే పద్ధతి ఎక్కువైంది.

పెద్ద అంకె వరుస సంఖ్య. అదే అంకె, లేదా దాని చివరి అంకెలు, లోలకం గుండు వెనక కూడా కొట్టి ఉండాలి. ఉంటే లోలకం పుట్టుకతో వచ్చినదే. ఈ ఒక్క ఫొటో అడిగేవారు చాలా తక్కువ, తప్పకుండా అడగండి.

"5 4" లోలకం పొడవు: 5 పూస్‌లు 4 లీన్‌లు. పూస్ అంటే పాత ఫ్రెంచి అంగుళం, 27.07 మిల్లీమీటర్లు. అందులో పన్నెండో వంతు లీన్, 2.256 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 64 లీన్‌లు, అంటే సుమారు 144 మిల్లీమీటర్లు. 1840 జనవరి నుంచి ఫ్రాన్సులో మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయినా గడియారాల వాళ్లు పాత కొలతను వదల్లేదు. ఉన్న లోలకం ఈ పొడవుకు రెండు మూడు సెంటీమీటర్లు తేడాగా ఉంటే అది ఈ గడియారానిది కాదు, దానితో సమయం ఎప్పటికీ కుదరదు. లోలకం అసలే పోయిన గడియారాన్ని కొంటే మాత్రం ఈ రెండు అంకెలే మీకు దారి.

ప్రశ్న: మెషీన్ వెనక "ఎఫ్.హెచ్.ఎస్." అని ఉంది. పెట్టె చూస్తే రాజుల కాలం నాటిదిలా ఉంది.

జవాబు: ఆ మూడు అక్షరాలు ఫ్రాంజ్ హెర్మ్‌లే అన్న జర్మన్ కంపెనీవి, ఆ కంపెనీ మొదలైంది 1922లో. 20వ శతాబ్దం రెండో సగంలో పాత శైలి ఇత్తడి పెట్టెల్లో ఈ మెషీన్లు పెట్టి వేల సంఖ్యలో అమ్మారు. పెట్టె అడుగున ఆరు పలకల నట్లు, ఒకే కొలత మెట్రిక్ మరలు ఉన్నాయేమో చూడండి. పాతవాటిలో చేత్తో ఆకురాయి పట్టిన నాలుగు పలకల నట్లు, ఒకదానికి ఒకటి సరిపోని మరలు ఉంటాయి. అలంకారానికి కొనుక్కోవచ్చు, పురాతన వస్తువు ధర పెట్టకండి.

ప్రశ్న: తెల్ల ఎనామెల్ డయల్ మీద వెంట్రుకవాసి బీటలు ఉన్నాయి. వదిలేయాలా?

జవాబు: రెండు మూడు సన్నని బీటలకు భయపడి మంచి గడియారాన్ని వదులుకోవద్దు. ఎనామెల్ అంటే రాగి రేకు మీద కరిగించిన గాజు, రేకు కాస్త వంగినా గాజు చిట్లుతుంది. అందుకే బీటలు ఎక్కువగా కీ ఇచ్చే రంధ్రాల నుంచి, డయల్ కాళ్లు ఉన్నచోటి నుంచి మొదలవుతాయి. అవి పాకవు, ఆ పాటికి ఆ గాజు నిలదొక్కుకుని ఉంటుంది.

చూడాల్సింది ముక్క ఎగిరిపోయిన చోట్లు, వాటిని పూడ్చిన తీరు. చల్లగా పూసే రెజిన్‌తో పూడ్చిన మచ్చ మామూలు వెలుతురులో కలిసిపోతుంది, అతినీలలోహిత దీపం కింద వేరే రంగులో వెలుగుతుంది. ఆ దీపం కింద డయల్ ఫొటో ఒకటి తీసి పంపమని అడిగితే పెద్ద సంస్థలు పంపుతాయి. అంకెలు మళ్లీ రాసి ఉంటే గీత మందం మారుతుంది, రోమన్ అంకెల సన్న గీతలు ముద్దగా అవుతాయి. డయల్ పదమూడు విడి ఎనామెల్ ముక్కలతో ఉంటే, పన్నెండు అంకెలకూ మధ్యకూ, ప్రతి ముక్క తెల్లదనం పక్కదానితో పోల్చి చూడండి. మారిన ముక్క ఇట్టే పట్టుబడుతుంది.

ప్రశ్న: "కీ ఎక్కువైంది, నడవడం లేదు" అని నివేదికలో రాశారు. అది చిన్న లోపమేనా?

జవాబు: కీ ఎక్కువ ఇచ్చినందువల్ల ఏ గడియారమూ ఆగదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నా గడియారం నడవాలి. నడవడం లేదంటే నూనె ఎండి జిగురైంది, లేదా ఎక్కడో అరిగింది, లేదా వంగింది. అందుకే ఈ మాటను "మరమ్మతు చేయాలి" అని చదువుకోండి, ఎంత అన్నది విడిగా తేల్చుకోండి.

ఎండిన నూనెలో దుమ్ము కలిస్తే అది సానరాయిలా పనిచేస్తుంది. ఇరుసుల కొసలు తిరిగే రంధ్రాలు గుండ్రంగా ఉండాల్సింది కోలగా అవుతాయి, చక్రాల పళ్లు సరిగ్గా కలవవు. విప్పి కడిగి, కోలపడిన రంధ్రాలకు ఇత్తడి బుష్‌లు (లోపల బిగించే చిన్న గొట్టాలు) వేసి, కొసలు సానబెడితే సరిపోతుంది. పనితెలిసిన మరమ్మతుదారుడికి ఇది రోజువారీ పనే. స్ప్రే డబ్బా నూనె కొట్టి "నడిపించిన" గడియారం మాత్రం ప్రమాదం. నాలుగు రోజులు నడిచి, కదిలిన మురికి ఇరుసుల్లో చేరి ఇంకా అరిగిస్తుంది.

తెగిన స్ప్రింగు తెగినంత మాత్రాన పోదు. ఆ దెబ్బకు స్ప్రింగు డబ్బా పళ్లు విరగవచ్చు, పక్క చక్రం ఇరుసు వంగవచ్చు. కాబట్టి "స్ప్రింగు మార్చితే చాలు" అన్న మాట పళ్ల ఫొటో చూశాకే నమ్మాలి. డయల్ మధ్యలో కనబడేలా ఎర్రటి చిన్న రాళ్లతో ఊగే బ్రోకో ఎస్కేప్‌మెంట్ (చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం) ఉంటే రెండు రాళ్లూ ఉన్నాయా, చిట్లాయా చూడండి. ఒకటి ఊడి బదులుగా ఉక్కు ముక్క పెట్టినవి కనిపిస్తుంటాయి.

ప్రయాణపు గడియారాల్లో పై గాజులోంచి చూస్తే ఊగే చక్రం ఉన్న చిన్న పలక కనిపిస్తుంది, దాన్ని ప్లాట్‌ఫాం అంటారు. ఇది చాలా గడియారాల్లో మార్చేశారు. కింద పలకల అంచున వాడని మరరంధ్రాలుంటే మార్చినట్టే. నడకకు కొత్తదే మేలు కావచ్చు, ధరకు మాత్రం పాతదే విలువ. గాజు అంచుల వాలు చెక్కుడు దగ్గర పెచ్చులు లేచాయేమో చూడండి, ఎందుకంటే ఒక్క గాజు మార్చాలన్నా పెట్టెను పూర్తిగా విప్పాలి.

ప్రశ్న: పాట ఎంతవరకు పాడవచ్చో లెక్క చెప్పండి.

జవాబు: సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవారు వేలం సంస్థకు కట్టే రుసుము, ఉంటుంది, ఎక్కువ చోట్ల 20 నుంచి 30 శాతం. ఆ ప్రీమియం మీద పన్ను. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే దాని రుసుము, దాని మీదా పన్ను.

ఉదాహరణకు పాట 100 దగ్గర ఖాయమైంది. ప్రీమియం 25 శాతమైతే 125. ఆ 25 మీద 20 శాతం పన్ను 5, మొత్తం 130. ఆన్‌లైన్ రుసుము 5, దాని మీద పన్ను 1, మొత్తం 136. ఇంకా ప్యాకింగు, రవాణా, బీమా, దిగుమతి అయితే సుంకం, ఆపైన మరమ్మతు. దీన్ని వెనక నుంచి లెక్కవేయండి. మీ చేతిలో ఉన్నది మొత్తం 100, అందులో రవాణాకూ మరమ్మతుకూ 20 పక్కన పెడితే 80 మిగిలింది. 80ని 1.36తో భాగిస్తే 58 చిల్లర. మీరు ఆగాల్సింది అక్కడే. ఆ అంకె కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి, పాట వేడిలో మనసు మాట వినదు.

అమ్మకందారు కనీస ధర మామూలుగా కేటలాగులోని కింది అంచనాకు మించదు. దిగువ అంచనాకు దిగువన పాట ఆగిపోయిన గడియారాలు వేలం ముగిశాక బేరానికి దొరుకుతాయి, ఫోన్ చేసి అడగడంలో తప్పు లేదు.

ప్రశ్న: తాబేటి చిప్ప పొదిగిన గడియారం ఒకటి, రెండు గాజు గొట్టాల్లో పాదరసం ఉన్న లోలకం గడియారం ఒకటి నచ్చాయి. వేరే దేశం నుంచి తెప్పించుకోవచ్చా?

జవాబు: మొదటిది బూల్ పని. ఆంద్రే-షార్ల్ బూల్ (1642–1732) పేరుతో స్థిరపడింది, చిప్పలో ఇత్తడి తీగలు పొదిగే పద్ధతి. ఆ చిప్ప హాక్స్‌బిల్ సముద్రపు తాబేలుది. అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం సైటీస్‌లో అది మొదటి అనుబంధంలో ఉంది. వస్తువు పాతదైనా ఎగుమతి, దిగుమతి అనుమతి పత్రాలు లేకపోతే కస్టమ్స్ దగ్గర జప్తు అవుతుంది. ఏనుగు దంతానికి మరిన్ని ఆంక్షలు: బ్రిటన్‌లో 2018 చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చాక 1947కు ముందువి, దంతం పది శాతంలోపు ఉన్నవి లాంటి కొద్ది మినహాయింపులకే అమ్మకం వీలు, అదీ నమోదు చేయించాకే. ఈ పత్రాలు ఎవరు తెస్తారో, ఎన్నాళ్లు పడుతుందో పాటకు ముందే రాతపూర్వకంగా అడగండి. బూల్ పనిలో ఇంకో చిక్కు ఉంది. గాలి పొడిగా ఉన్నచోట కింది చెక్క కుంచించుకుపోయి ఇత్తడి తీగ పైకి లేస్తుంది. లేచిన తీగను వేలితో నొక్కి చూడకండి, విరుగుతుంది.

పాదరసం లోలకం సంగతి వేరే. పాదరసం అల్యూమినియాన్ని తినేస్తుంది, విమానం ఒళ్లంతా అల్యూమినియమే, అందుకే విమాన రవాణాలో అది ప్రమాదకర సరుకు. మామూలు పార్సిల్‌గా పంపరు. సముద్రమార్గంలో పంపాలి, లేదా అర్హత ఉన్న సంస్థ చేత పాదరసం తీయించి ఖాళీ గొట్టాలు తెప్పించుకోవాలి. తీయకముందు ఒక్కసారి చూడమనండి, చాలా లోలకాల్లో ఉన్నది పాదరసం కాదు, మెరుగుపెట్టిన లోహపు కడ్డీలే. వాల్చినప్పుడు పైమట్టం కదిలితే పాదరసం.

ప్రశ్న: నల్లరాతి గడియారం, పక్కన రెండు కూజాలు కలిపి ఒక లాట్‌గా ఉన్నాయి. ఏం చూడాలి?

జవాబు: ముందు అది రాయేనా అని. ఫ్రెంచి నల్ల గడియారాలు ఎక్కువగా బెల్జియం నల్లరాతివి. అమెరికాలో ఆన్సోనియా నల్ల ఎనామెల్ వేసిన ఇనుప పెట్టెలు, సెత్ థామస్ చెక్క మీద సెల్యులాయిడ్ అతికిన పెట్టెలు అచ్చం అలాగే చేశాయి. ఇనుముకు అయస్కాంతం అంటుకుంటుంది, సెల్యులాయిడ్ చేతికి చల్లగా తగలదు. రాయి అయితే పది కిలోలు దాటడం మామూలే. దాన్ని పైకప్పు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకూడదు, పలకలు లోపల జిప్సంతోనో జిగురుతోనో అతికి ఉంటాయి, పైది చేతిలోకి వచ్చేసి కిందిది పాదం మీద పడుతుంది. కూజాల రాతి గీతలు, కంచు అలంకారం గడియారంతో కలవాలి. కలవకపోతే అది జత కట్టిన లాట్.

ప్రశ్న: పాట మాదే అయింది. బంగారు పూత ఫ్రెంచి గడియారం రెండు వారాల్లో వస్తుంది. ప్యాకింగు, ఇంట్లో నిలబెట్టడం చెప్పండి.

జవాబు: పంపేవారికి ఈ నాలుగు విషయాలు రాయండి. లోలకం తీసి విడిగా చుట్టాలి, తగిలించి పంపితే దాన్ని మోసే సన్నని ఉక్కు పట్టీ దారిలోనే మడత పడి విరుగుతుంది. గంట గిన్నె కూడా విప్పాలి. గాజు బోర్లింపు ఉంటే వేరే పెట్టెలో, ఆ కొలతకు మరొకటి దొరకడం చాలా కష్టం. బంగారు పూతకు నేరుగా బుడగల ప్లాస్టిక్ తగలకుండా ముందు ఆమ్లం లేని పలుచని కాగితం చుట్టాలి. ఎత్తేటప్పుడు రెండు చేతులూ పీఠం కింద పెట్టాలి, బొమ్మను పట్టుకోకూడదు.

వచ్చాక చదునైన, కదలని బల్ల మీద పెట్టండి. మెషీన్ వెనక రెండు మరలు బిగువుగా ఉన్నాయా చూడండి, అవే వెనక చట్రం నుంచి ముందు చట్రం దాకా పట్టీలతో మెషీన్‌ను పట్టి ఉంచేవి. వదులైతే కీ ఇచ్చినప్పుడు డయల్ మొత్తం తిరుగుతుంది. తాళంచెవి చతురస్రం కొలత సరిపోవాలి, వదులుది వాడితే ఇరుసు మూలలు అరిగిపోతాయి. ఏ దిక్కున తిరగనంటే ఆ దిక్కున బలవంతం చేయకండి. ఎనిమిది రోజుల గడియారం అంటారు గానీ ఈ ఫ్రెంచి మెషీన్లు చాలావరకు రెండు వారాలు నడుస్తాయి. వారానికోసారి కీ ఇస్తే సమయం నిలకడగా ఉంటుంది.

లోలకం తగిలించి ఊపి వినండి. "టిక్" కూ "టక్" కూ మధ్య ఎడం సమంగా ఉండాలి. కుంటుతుంటే కాసేపట్లో ఆగిపోతుంది. గడియారాన్ని ఒక పక్క రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తి చూడండి. ఎడమ పక్క ఎత్తినప్పుడు సమంగా వినిపిస్తే, వెనక మరలు కాస్త వదులు చేసి, ముందు నుంచి చూసినప్పుడు ముళ్లు తిరిగే దిశలో మెషీన్‌ను రవంత తిప్పి బిగించండి. కుడి పక్క అయితే ఎదురు దిశలో. 12 అంకె పక్కకు వాలినట్టు కనిపించేంత తిప్పాల్సి వస్తే ఆపేయండి, అప్పుడు వెనక లోలకాన్ని నెట్టే ఊత కడ్డీని మరమ్మతుదారుడు వంచాలి.

వేగానికి 12 పైన ఉన్న రంధ్రం, లేదా లోలకం కింది నట్టు. 144 మిల్లీమీటర్ల లోలకంలో 0.2 మిల్లీమీటర్ల తేడా రోజుకు ఒక నిమిషం మారుస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు ముందు పోతుంటే 1 మిల్లీమీటరు దించితే చాలు. ఒక్కసారి మార్చి ఒక రోజంతా ఆగి చూడండి.

గంటలు తప్పు కొడుతుంటే భయం వద్దు. లెక్క చక్రం ఉన్నవాటిలో పన్నెండు గంటల్లో గంటలకు 78, అరగంటలకు 12, మొత్తం 90 దెబ్బలు వరసగా పడుతూ పోతాయి, ముళ్లు ఎక్కడున్నాయో ఆ చక్రానికి తెలియదు. పెద్ద ముల్లును 12 మీదికి తెచ్చి ఎన్ని కొట్టిందో లెక్కపెట్టండి. చిన్న ముల్లు ఒరిపిడితో మాత్రమే కూర్చుని ఉంటుంది, దాన్ని నెమ్మదిగా ఆ అంకె మీదికి తిప్పండి. తర్వాత పెద్ద ముల్లును ముందుకే తిప్పుతూ, ప్రతి అరగంటకూ గంటకూ కొట్టనిస్తూ, అసలు సమయానికి తీసుకురండి.

ప్రశ్న: పూత నల్లబడింది. ఇత్తడి పాలిష్‌తో తోమవచ్చా?

జవాబు: దయచేసి వద్దు. ఇంతకంటే ఎక్కువ గడియారాలను పాడుచేసిన పని ఇంకొకటి లేదు. బంగారు పూత మందం మైక్రాన్లలో ఉంటుంది, పాలిష్‌లోని పొడి ముందు మసక భాగాన్ని నునుపు చేసి, తర్వాత ఎత్తయిన చోట్ల బంగారాన్నే లేపేస్తుంది. అమ్మోనియా కింది రాగిని తింటుంది. తోమిన రోజు ధగధగలాడుతుంది, ఏడాది తిరిగేసరికి బయటపడిన ఇత్తడి నల్లబడుతుంది, బంగారం తిరిగి రాదు.

బొమ్మలు, ఆకులు ఏవి మరలతో ఉన్నాయో ఫొటోలు తీసి విప్పి, మెషీన్, డయల్ పూర్తిగా పక్కన పెట్టండి. డిస్టిల్డ్ నీళ్లు గోరువెచ్చగా, అందులో రెండు చుక్కల ఘాటు లేని సబ్బు. దూదిపుల్ల తడిపి, రుద్దకుండా దొర్లించండి. మురికైన దూది వెంటనే మార్చాలి. సబ్బు లేని నీళ్లతో ఇంకోసారి తుడిచి, మెత్తటి గుడ్డ అద్ది, మర రంధ్రాల్లో తడి లేకుండా ఒక రోజంతా ఆరనివ్వండి. జింకు బొమ్మ మీద, రంగు వేసిన పూత మీద నీళ్లు కూడా వద్దు, మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం వరకే.